మనసుకు కొలబద్ద

హైదరాబాద్ శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల టీకాల పరిశ్రమ పాతుకోవడానికి నేల ముందే సిద్ధమైంది. 1960లలో బాలానగర్‌లో వెలిసిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ ఒక తరానికి రసాయన విద్య నేర్పింది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. 1999లో బయోటెక్ పరిశ్రమల కేంద్రం జీనోమ్ వ్యాలీ మొదలైంది. టీకా పనిచేసిందో లేదో చాలావరకు నెత్తుటి చుక్కలో తేలిపోతుంది. డిప్రెషన్ మందుకు మాత్రం అలాంటి చుక్క లేదు. 1960లో మానసిక వైద్యుడు హామిల్టన్ కూర్చిన 17 అంశాల పట్టిక ఇప్పటికీ ఒక ముఖ్యమైన కొలబద్ద: నిద్ర ఎలా ఉంది, తిండి సయిస్తోందా, పని మీద మనసు పోతోందా అని ఎదురుగా కూర్చుని అడగాలి, జవాబుకు మార్కు వేయాలి. అంటే మందు సత్తా తేలేది మాటల్లోనే.

అందుకే నాకు సువెన్ కథ ఆసక్తికరం. హైదరాబాద్‌కు చెందిన ఈ సంస్థ డిప్రెషన్ కోసం రోపానికాంట్ అనే అణువును కనిపెట్టింది. మనుషులపై రెండో దశ పరీక్ష మాత్రం అమెరికాలో చేసింది. అక్కడి అనుమతి, అక్కడి మార్కెట్ కావాలంటే అది మేలని అంటారు. నిజమే. మెదడు ఎక్కడైనా మెదడే అనే వాదనలోనూ బలముంది. కానీ కొలత మెదడుది కాదు, జవాబుది. దిగులును ‘ఒళ్ళంతా గుంజుతోంది, గుండెలో బరువుగా ఉంది’ అని చెప్పుకునే మనిషికి అలాంటి పట్టికలో మార్కు ఎక్కడ పడుతుందో తెలుగులో అడిగితేనే తెలుస్తుంది.