చింతూరులో 2కె రన్‌.. దారి భద్రతే ప్రధానం

చింతూరు: రెండు కిలోమీటర్ల సామూహిక పరుగునే 2కె రన్‌గా వ్యవహరిస్తారు. సర్దార్‌ వల్లభ్‌భాయ్‌ పటేల్‌ జయంతి అయిన అక్టోబరు 31ని 2014 నుంచి జాతీయ ఐక్యతా దినంగా పాటిస్తున్నారు. నాటి నుంచి ఐక్యతా పరుగులు చిన్న పట్టణాలకూ పరిచయమయ్యాయి. ఇది ప్రధానంగా అవగాహన పరుగు. విద్యార్థులు, ఉద్యోగులు, వ్యాపారులు కలిసి పాల్గొనవచ్చు.

కూడలి ఊరు

విజయవాడ-జగదల్‌పూర్‌ జాతీయ రహదారి చింతూరు మీదుగా వెళ్తుంది. మారేడుమిల్లి ఘాట్‌ మార్గం, ఒడిశాలోని మోటు వైపు దారి ఇక్కడే కలుస్తాయి. ఊరి ప్రధాన వీధిలోనే లారీలు, బస్సులు తిరుగుతాయి. పరుగు కోసం రహదారిని పూర్తిగా మూసివేస్తే మన్యం గ్రామాల నుంచి ఆసుపత్రికి వచ్చే రోగులు చిక్కుకుపోతారు. అసలు నియంత్రించకుంటే పిల్లల ప్రాణాలకే ముప్పు.

పాటించవలసినవి

* పోలీసుల అనుమతి ముందుగానే పొందాలి.
* ఎండ ముదరక ముందే పరుగు ముగించాలి.
* కిలోమీటరు వెళ్లి అదే దారిన తిరిగి వస్తే రెండు కిలోమీటర్లు పూర్తవుతాయి. రోడ్డుకు ఒక పక్కనే తాడు కట్టి దారి కేటాయించాలి.
* రెండో పక్క అంబులెన్సుకు ఖాళీగా ఉంచాలి.
* మలుపుల వద్ద వాలంటీర్లు, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి.
* జ్వరం, ఆయాసం ఉన్నవారిని పరుగెత్తనీయరాదు.

గోదావరి ఎగపోటుతో శబరి పొంగి రహదారి మునిగే ప్రమాదం ఉన్నందున, వర్షాకాలంలో తేదీ ఖరారుకు ముందు వరద పరిస్థితిని చూసుకోవాలి.