కిలో బొగ్గులో ఎంత వేడి?

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో పొద్దుపోయేదాకా వెలిగే దీపాలు ఎక్కువగా బొగ్గు చలవే. మీటరులో తిరిగే ఒక్క యూనిట్ 860 కిలోకేలరీలకు సమానం. బాయిలర్‌లో, టర్బైన్ దగ్గర పోయేది పోగా అంత కరెంటు చేతికి రావాలంటే థర్మల్ కేంద్రం సుమారు 2,500 కిలోకేలరీలు మండించాలి. కిలోకు 4,000 ఇచ్చే బొగ్గయితే అరకిలో పైచిలుకు. మరి ఆ 4,000 అన్న అంకె ఎవరు తేల్చారు?

రసాయన చర్యలో పుట్టే వేడిని మొదట మంచుతో కొలిచారు. 1782-83 చలికాలంలో పారిస్‌లో శాస్త్రవేత్తలు లావోయిజే, లాప్లాస్ కరిగిన మంచు నీటిని తూచి వేడిని లెక్కగట్టారు. చర్య ఏ దారిన సాగినా మొత్తం వేడి మారదని 1840లో రసాయన శాస్త్రవేత్త హెస్ చెప్పాడు. 1880లలో మరో రసాయన శాస్త్రవేత్త బెర్తలో ఉక్కు పాత్రలో ఆక్సిజన్ నింపి పదార్థాన్ని మండించాడు. అదే బాంబ్ కెలోరీమీటర్.

మన దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. తర్వాత హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రమూ నడిచింది. అయినా దేశంలో చాలాకాలం బొగ్గు గ్రేడ్‌ను వేడిని బట్టి నేరుగా కట్టలేదు. బూడిద శాతం, తేమ శాతం కలిపి 138తో హెచ్చవేసి, 8,900 నుంచి తీసేసేవారు. మిగిలినదే వాడకానికి వచ్చే వేడి! నా దృష్టిలో అది అంచనాయే తప్ప కొలత కాదు. రెండూ కలిపి 40 శాతం ఉంటే ఆ లెక్కన కిలోకు 3,380 కిలోకేలరీలు. మండించి చూస్తే అంతకంటే ఎక్కువే రావచ్చు.

2012 జనవరి నుంచి ఈ పద్ధతి మారింది. మండించి కొలిచిన మొత్తం వేడిని బట్టి, 300 కిలోకేలరీల మెట్లతో జీ1 నుంచి జీ17 దాకా గ్రేడ్లు వచ్చాయి. ల్యాబ్‌లో గ్రాము బొగ్గు పొడిని ఆక్సిజన్ నింపిన బాంబ్‌లో పెట్టి, నీటిలో ముంచి అంటిస్తారు. నీటి ఉష్ణోగ్రత ఒకటి రెండు డిగ్రీలు పెరుగుతుందంతే. పరికరం ఎంత వేడిని పీల్చుకుంటుందో తెలుసుకోవడానికి ముందుగా, గ్రాముకు 6,318 కేలరీలిచ్చే బెంజోయిక్ ఆమ్లాన్ని మండించి చూస్తారు.

థర్మామీటరు కంటే పెద్ద చిక్కు శాంపిల్ దగ్గరే ఉంది. ఆ గ్రాము బొగ్గు దాదాపు 4,000 టన్నుల గూడ్సు రైలుకు సాక్ష్యం చెప్పాలి. దారిలో వాన పడితే తేమ మారుతుంది. ఒక్క గ్రేడ్ తేడా వచ్చినా, పంజాగుట్ట దాటి ఖైరతాబాద్ వెళ్లే దారిలోని విద్యుత్ సౌధలో, కరెంటు ఉత్పత్తి చేసే ప్రభుత్వ సంస్థ జెన్‌కో యూనిట్ ఖర్చు లెక్క మారిపోతుంది. అందుకే అమ్మేవారికీ కొనేవారికీ సంబంధం లేని మూడో సంస్థ చేత శాంపిల్ తీయించే ఏర్పాటు వచ్చింది.