కదలికను నమ్మిన కెన్నీ

చెయ్యి విరిగి పిండికట్టు వేయించుకున్నవాళ్లని చూసే ఉంటారు. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంటుంది గాని, చెయ్యి చిక్కిపోయి బిగుసుకుపోతుంది. జడ వేసుకోవడానికైనా పైకి లేవదు. అప్పుడు డాక్టరుగారు ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపుతారు. కదలిక లేకపోతే కండ కరిగిపోతుందన్న సంగతి ఇవాళ మనకి తెలిసిందే. కాని పోలియో పిల్లల విషయంలో ఈ మాట ఒప్పించడానికి ఒక స్త్రీ ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. ఆవిడే ఆస్ట్రేలియాలో 1880లో పుట్టిన ఎలిజబెత్ కెన్నీ.

ఆవిడ నర్సు పరీక్షలేవీ ప్యాసు కాలేదు. గుర్రమెక్కి పల్లెల్లో తిరుగుతూ రోగులకు సేవ చేసేది. 1911లో కాళ్లు బిగిసి, బాధతో అల్లాడుతున్న ఒక పసిపిల్లని చూసిందట. ఊలు కంబళి ముక్కలు చేసి, మరిగే నీళ్లలో ముంచి, గట్టిగా పిండి కాళ్లకు చుట్టింది. నొప్పి తగ్గాక మెల్లమెల్లగా కదిలించింది. తన జీవితకథలో తనే రాసుకున్న సంగతి ఇది. తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులకు సేవ చేసి 'సిస్టర్' అన్న హోదా పొందింది.

ఆ రోజుల్లో డాక్టర్లు పోలియో పిల్లల కాళ్లు వంకరపోకుండా నెలల తరబడి బద్దలు కట్టి ఉంచేవారు. కెన్నీ ఆ బద్దలు విప్పేది. ఏ కండరంతో ఏ పని చెయ్యాలో పిల్లలకు ఓపిగ్గా నేర్పేది. 1938లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వేసిన కమిషన్ ఆవిడ పద్ధతిని తప్పుపట్టింది. అయినా వెనుదియ్యక 1940లో అమెరికా వెళ్లింది. 1942లో మినియాపొలిస్‌లో ఆవిడ పేర వైద్యసంస్థే వెలిసింది. 1952లో కన్నుమూసింది.

ఆవిడ చెప్పిందంతా ఒప్పని కాదు. జబ్బు కండరాల్లోనే ఉందని ఆవిడ వాదించేది. నిజానికి పోలియో దెబ్బ తీసేది వెన్నుపాములోని నరాల కణాలను. చచ్చిన కణాలను ఏ కాపడమూ బతికించలేదు. కాని మిగిలిన బలాన్ని బిగుసుకుపోకుండా కాపాడి, పనికి తెచ్చుకోవచ్చునని ఆవిడ చూపించింది. ఫిజియోథెరపీకి ఇప్పటికీ అదే ఆధారం.

1955లో పోలియో టీకా వచ్చింది. 2014లో మన దేశం పోలియో లేని దేశమైంది. కాని పక్షవాతాలు, విరిగిన తుంటి ఎముకలు ఇళ్లల్లో ఉంటూనే ఉన్నాయి కదా! థెరపిస్టు ఉండేది ఓ గంట. మిగతా రోజంతా మన చేతుల్లోనే. పక్షవాతం నుంచి కోలుకుంటున్న అత్తగారికి జాలిపడి మనమే అన్నం కలిపి నోటికందిస్తాం. ఆవిడ చెయ్యి ఆ పూటకి పని మరిచిపోతుంది. థెరపిస్టు సరేనంటే, నాలుగు మెతుకులు కిందపడినా సరే, ఆవిణ్ణే కలుపుకోనివ్వండి. తుడుచుకోవడం మనకేం కొత్త కాదుగా!