ఏజెన్సీ బడిలో గణితం, విజ్ఞానశాస్త్రం: ఆదివాసుల ఇంజినీరింగ్ చదువులకు మూలమైన ప్రశ్న

ఆదివాసీ యువతకు విజ్ఞానశాస్త్ర, ఇంజినీరింగ్ రంగాల్లో అందవలసిన అవకాశాల గురించి జరిగే చర్చ సాధారణంగా సీట్ల లెక్కతో మొదలై సీట్ల లెక్కతోనే ముగుస్తుంది. కేంద్ర విద్యాసంస్థల్లో షెడ్యూల్డ్ తెగలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది; ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు 1973 నుంచి అమలవుతున్నాయి. ప్రవేశానికి కావలసిన మార్కులు రాకపోయినా వాటికి చేరువలో ఉన్న విద్యార్థులకు ఏడాదిపాటు భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు బోధించి, ఉత్తీర్ణులైన వారిని మరుసటి ఏడు బి.టెక్.లో చేర్చుకునే సన్నాహక కోర్సు కూడా ఉంది. ఈ ఏర్పాట్ల విలువను తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే ఆ తలుపు దాకా ఎందరు నడిచి రాగలరన్నది పద్దెనిమిదో ఏట కాక ఆరో ఏటనే, ఏజెన్సీ బడిలోనే తేలిపోతోందని, రాజ్యాంగ రక్షణల్లో అతి బలహీనమైన చోటు కూడా అదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం ప్రత్యేక పాలన కిందికి వచ్చే కొండ, అటవీ ప్రాంతాలనే తెలుగు రాష్ట్రాల్లో ఏజెన్సీ అంటున్నారు. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం అక్షరాస్యత 67 శాతం కాగా షెడ్యూల్డ్ తెగల్లో అది 49 శాతం. స్థూల నమోదు నిష్పత్తి, అంటే 18 నుంచి 23 ఏళ్ల వయసున్న జనాభాతో పోల్చినప్పుడు ఉన్నత విద్యలో చేరినవారి శాతం, 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశం మొత్తానికి 28.4, షెడ్యూల్డ్ తెగలకు 21.2. ఇవన్నీ సగటు లెక్కలే. కోలాములు, తోటీలు, చెంచులు, కొండరెడ్ల వంటి అతి బలహీన వర్గాల పరిస్థితి ఈ సగటు చాటున కనిపించకుండా పోతుంది. తెగలవారీగా, కోర్సులవారీగా అంకెలను వెల్లడించనంతకాలం ఇంజినీరింగ్ కళాశాలకు ఏ గూడెం నుంచి ఎవరు చేరుతున్నారో చెప్పడం సాధ్యం కాదు.

తరగతి గదిలో జరిగేదేమిటో తెలియడానికి సవర పిల్లల ఉదాహరణ ఉపకరిస్తుంది. సీతంపేట, పార్వతీపురం కొండల్లో వినిపించే సవర భాష తెలుగులాగా ద్రావిడ కుటుంబానికి చెందినది కాదు, ముండా కుటుంబానికి చెందినది. సవరలో లెక్కింపు పన్నెండు దాకా విడివిడి పదాలతో సాగి, పదమూడును పన్నెండూ ఒకటిగా, పంతొమ్మిదిని పన్నెండూ ఏడుగా చెబుతుంది. ఇరవైకి మళ్లీ కొత్త పదం వస్తుంది. ముప్పై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఒకటో తరగతి ఉపాధ్యాయుడు పుల్లలను పదేసి కట్టలుగా కట్టి ముప్పై మూడంటే మూడు పదులు, మూడు ఒకట్లు అని చూపినప్పుడు, ఇంట్లో ఆ సంఖ్యను మరో విధంగా విడదీసి చెప్పుకొనే పిల్లవాడికి ఆ కట్టలు అంతుపట్టవు. అతడు తప్పు చెప్పాడని ఉపాధ్యాయుడు అనుకుంటాడు. నిజానికి ఏ సంఖ్యను ఆధారంగా తీసుకొని లెక్కించినా విలువ మారదన్నది గణితంలో మౌలికమైన సూత్రం. కంప్యూటర్ ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో రెండు, పదహారు ఆధారాలుగా గల సంఖ్యామానాలను బోధించేటప్పుడు విద్యార్థులు ఎంతో ప్రయాసపడి గ్రహించే సంగతి అదే. ఆ సూత్రానికి అవసరమైన అనుభవాన్ని వెంట తెచ్చుకున్న పిల్లవాడిని వెనకబడినవాడిగా లెక్కగట్టడం విద్యావ్యవస్థ వైఫల్యమే తప్ప పిల్లవాడి లోపం కాదు.

ఈ సంగతి పెద్దలకు తెలియక కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాషను పట్టుదలగా నేర్చుకున్న గిడుగు రామమూర్తి, ఆ భాషలో పాఠ్యపుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి, సవరలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆయన రచించిన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా గిడుగును స్మరించుకునే తెలుగు సమాజం ఆయన చేసిన ఈ కృషిని అంతగా పట్టించుకోకపోవడం విచారకరం. నిజాం పాలనలో కుమురం భీం పోరాటం తరువాత ఆదిలాబాద్ గోండుల స్థితిగతులను అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాన్ని ప్రారంభింపజేశారు. గోండులకే శిక్షణ ఇచ్చి, గోండి వాచకాలతో గోండు పిల్లలకు చదువు చెప్పించడం ఆ పథకంలోని కీలకాంశం. తరువాతి దశాబ్దాల్లో ఆ బడుల్లో తెలుగే బోధనా మాధ్యమంగా స్థిరపడింది. మళ్లీ 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమాన్ని చేపట్టినా, అది ప్రాథమిక తరగతులతోనే ఆగి, ఉన్నత పాఠశాల విజ్ఞానశాస్త్రం దాకా రాలేదు.

భాష తెలిసిన ఉపాధ్యాయుడు ఉంటే పుస్తకం ఏ భాషలో ఉన్నా కొంతవరకు నెట్టుకురావచ్చు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరిలో వెలువడిన 3వ నంబరు జీవో ఉద్దేశాల్లో ఇదొకటి. మైదానం నుంచి వచ్చే ఉపాధ్యాయులు బడికి సరిగా రాకపోవడం ఆ ఉత్తర్వుకు మరో కారణం. ఈ జీవోను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని, ఐదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చే అధికారం అంత దూరం పోదని తీర్పు చెప్పింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కాపాడింది గాని, కొత్త నియామకాలకు ఆ దారి మూసుకుపోయింది. 1997-98లో మొదలై 2018 తరువాత దేశమంతటా విస్తరించిన ఏకలవ్య ఆదర్శ గురుకులాల్లో 2023లో కేంద్రీకృత నియామకాలు మొదలయ్యాయి. ఆ పరీక్షలో హిందీ పరిజ్ఞానాన్ని కూడా పరీక్షించారు. గోండి, కోయ, సవరలు తెలిసి ఉండాలన్న నిబంధన మాత్రం పెట్టలేదు. ఇంట్లో కోయ, ఊళ్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, ఉపాధ్యాయుడి నోట హిందీ వినే విద్యార్థి న్యూటన్ సూత్రాలను ఎలా అర్థం చేసుకోవాలన్నది ఆ నియామకాలు పట్టించుకోని ప్రశ్న.

ఇన్ని అవరోధాలు దాటి పట్టా పుచ్చుకున్నవారికి ఉద్యోగాల విషయంలో మరో చిక్కు ఎదురవుతుంది. ఇంజినీరింగ్ పట్టభద్రుల్లో అధికులకు పని చూపేది ప్రైవేటు రంగం. అక్కడ రిజర్వేషన్ లేదు. ఉన్నత పరిశోధన సంగతి చూస్తే, కేంద్ర విద్యాసంస్థల్లో అధ్యాపక నియామకాలకు రిజర్వేషన్ కల్పించిన 2019 చట్టమే టాటా మౌలిక పరిశోధన సంస్థ, హోమీ భాభా జాతీయ సంస్థ వంటివాటిని తన పరిధి నుంచి మినహాయించింది. ఏజెన్సీకి ఇంజినీరింగ్ కొత్తదేమీ కాదు. మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు, ఇల్లెందు బొగ్గు గనులు, మణుగూరు భారజల కర్మాగారం ఆదివాసీ ప్రాంతాల్లోనే వెలిశాయి; పోలవరం జలాశయం కోయల, కొండరెడ్ల గ్రామాలనే ముంచుతోంది. ఇంజినీరింగ్ నిర్మాణాల కోసం నేలను వదులుకుంటున్న వారి బిడ్డలకు వాటిని రూపొందించే, నడిపే ఉద్యోగాల్లో వాటా ఉండాలన్నది దయతో ఇచ్చేది కాదు, న్యాయంగా చెల్లించవలసిన బాకీ.

2020 తీర్పు తరువాత ఇక దారి లేదన్న నిరాశకు మాత్రం ఆధారం లేదు. న్యాయస్థానం తప్పుపట్టింది నూరు శాతం రిజర్వేషన్‌ను. ఒక పోస్టుకు ఫలానా భాష తెలిసి ఉండాలని అర్హత నిర్ణయించడం వేరే విషయం. ఏకలవ్య పాఠశాలల పరీక్షలో హిందీ విషయంలో జరిగింది అలాంటిదే. ఉట్నూరులో గణితం చెప్పేవారికి గోండి, భద్రాచలంలో భౌతికశాస్త్రం చెప్పేవారికి కోయ, సీతంపేటలో సవర తెలిసి ఉండాలని నిర్ణయిస్తే, ఆ అర్హత స్థానికులకు సహజంగా ఉంటుంది, నేర్చుకునే ఓపిక ఉన్న ఇతరులకూ అందుతుంది. ఆ భాషల్లో శిక్షణ ఇచ్చి, పరీక్షించి, ధ్రువపత్రం ఇవ్వడానికి తగిన సంస్థలూ ఇప్పుడు ఉన్నాయి: 2014 పునర్విభజన చట్టం హామీ మేరకు ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడగా, ములుగులో సమ్మక్క సారక్క పేరిట రెండోదానికి 2023 చివర పార్లమెంటు ఆమోదం తెలిపింది. విజ్ఞానశాస్త్ర పట్టాను, ఉపాధ్యాయ శిక్షణను, ఒక ఆదివాసీ భాషను కలిపి బోధించే సమీకృత కోర్సును ఈ రెండు విశ్వవిద్యాలయాలు ప్రారంభించాలి, ఆ పట్టాను రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఏజెన్సీ ఉపాధ్యాయ నియామకాలకు అర్హతగా ప్రకటించాలి.