మన్యం నీళ్ళు – దోమ లెక్కలు

"మన్యం నీళ్ళు పడలేదు" అన్న మాట ఉత్తరాంధ్రలో వినని వాళ్ళుండరు. భిలాయిలో మా పవర్ హౌస్ ప్రాంతంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. చలిజ్వరానికి కారణం కొండనీరేనని వాళ్ళలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. కొందరు గాలి సోకిందని తాయెత్తు కడతారు. చరిత్ర ఏమంటుందో చూద్దాం.

ఈ విషయంలో ఐరోపావాళ్ళు మనకన్నా తెలివైనవాళ్ళేం కాదు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే "చెడ్డ గాలి". 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దాంతో గాలి కథ కంచికి చేరింది.

కానీ లెక్క అక్కడితో తేలలేదు. ఏ దోమ? అది ఎక్కడ పుడుతుంది? జయపురం కొండలు అప్పట్లో విశాఖ జిల్లాలో ఉండేవి. అక్కడి మలేరియా మీద 1914లో పెర్రీ నివేదిక ప్రచురించాడు. 1930లలో అవే కొండల్లో బెంగాల్ నాగపూర్ రైల్వే మలేరియా నిపుణుడు సీనియర్-వైట్ పరిశోధన చేశాడు. మా పవర్ హౌస్ స్టేషను మీదుగా పోయేది ఆ పాత రైల్వే లైనే.

ఇలాంటి పరిశోధనల వల్ల దోమ లార్వాల ఇళ్ళు ఎక్కడున్నాయో తెలిసింది. క్యూలెక్స్ లార్వా గాలిగొట్టాన్ని పైకి పెట్టి, నీటిలో తలకిందులుగా వేలాడుతుంది. అనాఫిలిస్‌కు ఆ గొట్టం లేదు, అందుకే నీటిపైన అడ్డంగా తేలుతుంది. వాగు నడిమి ప్రవాహంలో అది కొట్టుకుపోతుంది. కనుక ఫ్లూవియాటిలిస్ అనే రకం మెల్లగా పారే వాగు అంచున, గడ్డి మొదళ్ళలో పెరుగుతుంది. క్యూలిసిఫేసిస్ అనే రకానికి ఇసుకలో మిగిలిన నీటిగుంటలు, కాలువలు, వరిమళ్ళు కావాలి. మనం అసహ్యించుకునే మురికి గుంటలోని క్యూలెక్స్ మనిషికి మలేరియా మోయదు. తేటగా కనిపించే వాగు ఒడ్డే అసలు చోటు!

రక్షణ ఖాతాల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకిది ఇలా తోస్తుంది. మొత్తం సరిపోయినా, పద్దు వేరే ఖాతాలో రాస్తే లెక్క తప్పే. నీటికీ జ్వరానికీ ఉన్న సంబంధాన్ని మన పెద్దలు సరిగ్గానే గమనించారు. పద్దు మాత్రం తాగే నీటి ఖాతాలో రాశారు. నీళ్ళు కాచి తాగడం మంచిదే, కానీ దానితో మలేరియా ఆగదు. దోమతెర కట్టుకోవాలి, జ్వరం రాగానే రక్తపరీక్ష చేయించుకోవాలి, వాగు అంచున గడ్డి తీయాలి.

బస్తర్‌లో మలేరియా ఇంకా పోలేదు. అక్కడ జ్వరంతో వణికే పిల్లవాడికి తాయెత్తు కట్టి ఒక రోజు ఆలస్యం చేస్తే, ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో మీరే ఆలోచించండి.