కార్డు ఉంది, మరి ట్రీట్‌మెంట్ ఏది? కేటీ ఎ. కేసు కథ

ఈ ఎపిసోడ్‌లో అమెరికాలోని ఒక కోర్టు కేసు గురించి మాట్లాడుకుందాం. ప్లేస్ కాలిఫోర్నియా, లాస్ ఏంజిలిస్ కౌంటీ. సంవత్సరం 2002.

కేటీ ఎ. కోర్టు కాగితాల్లో ఆ అమ్మాయి పేరు అంతే. వయసు 14. అందులో పదేళ్లు ఫోస్టర్ కేర్‌లోనే గడిచిపోయాయి. ఫోస్టర్ కేర్ అంటే, కన్నవాళ్ల దగ్గర బిడ్డకి రక్షణ లేదని తేలితే ప్రభుత్వమే తీసుకెళ్లి వేరే ఇంట్లో పెట్టడం. దత్తత కాదు, కొన్నాళ్లకే అనుకోండి. ఆ పదేళ్లలో ఈ పిల్లని 37 చోట్లకి మార్చారు. సైకియాట్రిక్ సెంటర్లలోనే 19 సార్లు ఉంచారు. ఇది దావాలో ఉన్న లెక్క. మనం హాస్టల్‌లో ఒక్కసారి రూమ్ మారితేనే వారం రోజులు నిద్ర పట్టదు కదా!

మరి ఈ పిల్లకి ఇన్సూరెన్స్ లేదా? అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఫోస్టర్ పిల్లల్లో దాదాపు అందరికీ మెడికెయిడ్ ఉంటుంది. 1965లో పేదల కోసం పెట్టిన ప్రభుత్వ వైద్య బీమా అది. కాలిఫోర్నియాలో దాన్ని మెడీ-కాల్ అంటారు. 1967లో పిల్లల కోసం ఒక రూల్ కలిపారు: ముందే చెకప్ చేయాలి, సమస్య కనిపిస్తే వైద్యం చేయాలి. 1989లో దాన్ని ఇంకా గట్టి చేశారు. 21 ఏళ్లలోపు వాళ్లకి వైద్యపరంగా అవసరమైతే, మెడికెయిడ్ చట్టంలో ఉన్న సేవ ఏదైనా రాష్ట్రం ఇవ్వాల్సిందే. మా రాష్ట్రం ప్లాన్‌లో అది లేదండీ అంటే కుదరదు. మనసుకి సంబంధించిన వైద్యం కూడా ఇందులోకే వస్తుంది.

ఇంకో విచిత్రం చెప్తాను. ఫోస్టర్ ఖర్చులో కేంద్రం వాటా రావాలంటే, కన్నవాళ్ల ఆదాయం చూస్తారు. ఏ లెక్కన? 1996 జూలై 16న ఉన్న రూల్స్ లెక్కన! ఆ రూల్స్ ఏ పథకానివో, ఆ పథకాన్నే అదే ఏడాది రద్దు చేశారు. డిలీట్ చేసిన ఫైల్‌ని ఇంకా పిలుస్తున్న పాత కోడ్ లాంటిది. ఆఫీసులో ఇలాంటి కోడ్ చాలా చూశాను గానీ, చట్టంలో కూడా ఉంటుందనుకోలేదు. ఆ లెక్కలో పడని పిల్లలకి కూడా మెడికెయిడ్ వేరే దారుల్లో దొరుకుతుంది, అది వేరే విషయం.

అంటే కేటీకి అర్హత ఉంది, సేవ లేదు. సిమ్ ఉంది, రీఛార్జ్ ఉంది, సిగ్నల్ లేదు. ఆమె లాంటి పిల్లలకి లాయర్లు అడిగినవాటిలో ఒకటి థెరప్యూటిక్ ఫోస్టర్ కేర్. ట్రైనింగ్ తీసుకున్న కుటుంబం ఒకరిద్దరు పిల్లల్నే చూసుకుంటుంది, వెనకాల థెరపిస్ట్ ఉంటారు. గొడవంతా డబ్బు దగ్గర వస్తుంది. తిండీ మంచం ఖర్చు మెడికెయిడ్ ఇవ్వదు, అది ఫోస్టర్ కేర్ ఖాతాలోది. థెరపీ ఖర్చు మెడికెయిడ్‌ది. ఒకే ఇల్లు, ఒకే బిడ్డ, రెండు బిల్లులు.

కౌంటీ 2003లో రాజీకి వచ్చింది. రాష్ట్రం రాలేదు. 2006 మార్చిలో జడ్జి హోవర్డ్ మాట్జ్ ఈ సేవ ఇవ్వాల్సిందేనని ఆదేశించారు. దాదాపు ఏడాదికి అప్పీల్ కోర్టు ఆ ఆర్డర్ కొట్టేసి కేసు వెనక్కి పంపింది. అవసరమైన సేవలన్నీ అందాలి, నిజమే, కానీ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా ఇచ్చి తీరాలా అన్నది మళ్లీ చూడమంది. నాకైతే ఈ వాదన చదువుతుంటే చిరాకేసింది. ప్యాకేజీయా, విడివిడిగానా అని పెద్దవాళ్లు తేల్చుకుంటుంటే, అక్కడ పిల్లలు ఇళ్లు మారుతూనే ఉన్నారు.

చివరికి 2011 డిసెంబర్‌లో సెటిల్‌మెంట్ అయింది. పిల్లల చుట్టూ ఒక టీమ్‌ని కట్టే సేవ, ఇంటి దగ్గరే ఇచ్చే థెరపీ, థెరప్యూటిక్ ఫోస్టర్ కేర్, మూడింటికీ ఒప్పుకున్నారు. మొదట్లో మొదటి రెండూ చైల్డ్ వెల్ఫేర్ కేసు నడుస్తున్న పిల్లలకే అన్నట్టు ఉండేది. ఆ షరతు అక్కర్లేదని 2016లో రాష్ట్రం స్పష్టం చేసింది. పూర్తి మెడీ-కాల్ ఉండి, అవసరం ఉంటే 21 లోపు ఎవరైనా అర్హులే.

థెరప్యూటిక్ ఫోస్టర్ కేర్ మాత్రం మెడీ-కాల్‌లో మొదలైంది 2017 జనవరి 1న. దావా వేసినప్పుడు 14 ఏళ్లున్న పిల్లకి అప్పటికి దాదాపు నా వయసు.