తరగతి గదిలో వికీపీడియా: పుణె, కైరో చెప్పిన పాఠం

2010లో వికీమీడియా ఫౌండేషన్ అమెరికా విశ్వవిద్యాలయాల్లో వికీపీడియా రచనను చదువులో భాగం చేసినప్పుడు, అనుభవమున్న స్వచ్ఛంద సహాయకులు విద్యార్థులకు తోడుగా నిలిచారు. 2011లో ఆ పద్ధతి పుణె కళాశాలలకు వచ్చింది. వందలాది మంది విద్యార్థులు ఆంగ్ల వికీపీడియాలో రాశారు. ఇతరుల రాతలను యథాతథంగా దించిన వ్యాసాలు పేరుకుపోయాయి. వాటిని సరిదిద్దే భారం పాత సంపాదకుల మీద పడింది. ఆ ఏడాదే కార్యక్రమం ఆగిపోయింది.

తప్పంతా విద్యార్థులదేనని వాదించవచ్చు. కాపీ కొట్టడం తప్పే. కానీ కాపీహక్కుల గురించి ముందే బోధించి, ప్రతి తరగతినీ కనిపెట్టి ఉండే అనుభవజ్ఞులు చాలినంతమంది లేకుండా సంఖ్య పెంచింది నిర్వాహకులే. దీనికి భిన్నంగా, 2012లో కైరోలో కొద్ది తరగతులతోనే, అరబిక్ వికీపీడియాలో మొదలైన ఇలాంటి ప్రయత్నం నిలదొక్కుకుంది. చిన్న ప్రారంభం వల్ల పెద్ద ఫలితం రాదనడం సరికాదు. స్థానిక నాయకత్వం సిద్ధమయ్యాకే విద్యార్థుల సంఖ్య పెంచాలి. తెలుగు కళాశాలలూ ఈ క్రమాన్నే పాటించాలి.